గిట్ స్టాండప్: "నిన్న ఏం చేశావ్?" అంటే ఒక్క కమాండ్‌తో జవాబు

ఐటీలో కొత్తగా చేరినవాళ్లకి, ఇంటర్న్‌షిప్ చేస్తున్నవాళ్లకి పొద్దున్నే జరిగే స్టాండప్ కాల్ గురించి చెప్పక్కర్లేదు. నిన్న చేసిన పని కొండంత ఉంటుంది, కానీ మన వంతు వచ్చేసరికి నోట్లోంచి "అదే, ఆ బగ్ మీదే ఉన్నానండీ" తప్ప ఇంకేం రాదు. ఈసారి ఫోన్లు పక్కన పెట్టి, ఈ ఇబ్బందిని తీర్చే ఒక చిన్న టూల్ గురించి మాట్లాడుకుందాం. దీని పేరు గిట్ స్టాండప్. ఫ్రీ, ఓపెన్ సోర్స్. రాసింది కమ్రాన్ అహ్మద్, డెవలపర్లు ఏం నేర్చుకోవాలో చూపించే రోడ్‌మ్యాప్ డాట్ ఎస్‌హెచ్ సైట్ పెట్టింది కూడా ఆయనే.

మీరు కోడ్ మార్చి కమిట్ చేసిన ప్రతిసారీ గిట్ మీ పేరు, టైమ్, మీరు రాసిన మెసేజ్ దాచిపెడుతుంది. అంటే మీ స్టేటస్ రిపోర్ట్‌లో చాలా భాగం ఇప్పటికే మీ ల్యాప్‌టాప్‌లో ఉంది. ఈ టూల్ దాన్ని ఏరి తెచ్చి స్క్రీన్ మీద పెడుతుంది, అంతే.

ఇన్‌స్టాల్ చేయడం ఈజీ. మ్యాక్‌లో హోమ్‌బ్రూ ఉంటే "బ్రూ ఇన్‌స్టాల్ గిట్ హైఫన్ స్టాండప్". నోడ్ ఉన్నవాళ్లు ఎన్‌పీఎంతో గ్లోబల్‌గా వేసుకోవచ్చు. విండోస్‌లో అయితే మామూలు కమాండ్ ప్రాంప్ట్ కాకుండా గిట్ బ్యాష్ విండోలో నడపండి, ఎందుకంటే ఇది బ్యాష్ స్క్రిప్ట్. కమాండ్లన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ఇక్కడ ఒక సరదా విషయం. ఫైల్ పేరులో హైఫన్ ఉంది కదా, మనం మాత్రం గిట్ తర్వాత స్పేస్ ఇచ్చి స్టాండప్ అని కొడతాం. అయినా పనిచేస్తుంది. మీ పాత్‌లో గిట్ హైఫన్‌తో మొదలయ్యే ప్రోగ్రామ్ ఏది కనిపించినా, గిట్ దాన్ని సొంత కమాండ్‌లాగే చూస్తుంది. రేపు మీరే ఒక స్క్రిప్ట్ రాసి ఆ పద్ధతిలో పేరు పెడితే అదీ అలాగే నడుస్తుంది.

ప్రాజెక్టులన్నీ ఉన్న పై ఫోల్డర్‌లోకి వెళ్లి ఈ కమాండ్ కొట్టండి. అది లోపలి ఫోల్డర్లలో ఉన్న గిట్ రిపాజిటరీలను వెతుకుతుంది, గిట్ కాన్ఫిగ్‌లో ఉన్న మీ పేరు తీసుకుంటుంది, ఆ పేరుతో గిట్ లాగ్ నడుపుతుంది. సోమవారం అయితే శుక్రవారం నుంచి లెక్క వేస్తుంది. కువైట్‌లో పనిచేసే మనవాళ్లకి వారం ఆదివారం మొదలై గురువారం ముగుస్తుంది కదా, వాళ్ల కోసం హైఫన్ డబ్ల్యూ అనే ఆప్షన్ ఉంది. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చారనుకోండి, ఆ సెలవు సంగతి దానికి తెలీదు. హైఫన్ డి పెట్టి 6 అనో 7 అనో రోజులు మీరే చెప్పాలి. రిపాజిటరీలు ఇంకా లోపలి ఫోల్డర్లలో ఉంటే హైఫన్ ఎమ్‌తో ఎంత లోతుకి వెతకాలో చెప్పొచ్చు.

ఇంతవరకూ బాగుంది. అసలు జాగ్రత్త పడాల్సింది పేరు దగ్గర. ఆఫీస్ రిపాజిటరీలో ఒక పేరు, సొంత ప్రాజెక్టులో ఇంకో పేరు సెట్ చేసుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. అప్పుడు సగం పని కనిపించదు, "ఏం చేయలేదు" అన్నట్టు వస్తుంది. హైఫన్ ఏ తర్వాత పేరు ఇస్తే సరిపోతుంది. కానీ గిట్ పేరులో కొంత భాగం కలిసినా చాలనుకుంటుంది. మన టీముల్లో "సాయి" అని కొట్టి చూడండి, సాయికిరణ్, సాయితేజ, శ్రీసాయి అందరి పనీ మీ ఖాతాలోకే వచ్చి పడుతుంది! అందుకే ఈమెయిల్ ఇవ్వడం మేలు.

ఇంకోటి రీబేస్. గిట్ ప్రతి కమిట్‌కి రెండు తేదీలు రాసుకుంటుంది: కోడ్ రాసిన తేదీ, ఆ కమిట్ ప్రస్తుత రూపంలో తయారైన తేదీ. గిట్ లాగ్‌లో "ఈ రోజు నుంచి" అని వడపోసేది రెండో తేదీతో. పోయిన వారం కోడ్‌ని నిన్న రీబేస్ చేస్తే అది నిన్నటి పనిలా కనిపిస్తుంది. దాన్ని కాల్‌లో మళ్లీ చదివితే, ముందు వారం విన్నవాళ్లు ఏమనుకుంటారో మీకే తెలుసు. స్క్రీన్ మీద వచ్చింది వచ్చినట్టు పేస్ట్ చేయొద్దు అనేది అందుకే.

హైఫన్ ఏ తర్వాత "ఆల్" అని ఇస్తే టీమ్ మొత్తం కమిట్లు వస్తాయి. హైఫన్ ఎఫ్ కలిపితే ముందు సర్వర్ నుంచి కొత్తవి తెచ్చుకుంటుంది. సెలవు నుంచి వచ్చాక ఏం మారిందో చూసుకోవడానికి నేను ఇది వాడతాను, చాలా బాగుంటుంది. కానీ దీంతో ఎవరెన్ని కమిట్లు కొట్టారో లెక్కపెట్టి పనిని కొలిచే లీడ్‌లు ఉంటారు, అది నాకు అస్సలు నచ్చదు. రెండు రోజులు తలబద్దలు కొట్టుకుని పట్టుకున్న బగ్‌కి ఫిక్స్ మూడే లైన్లు ఉండొచ్చు. ఆ మొదటి రోజు ఈ టూల్ మీ గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. పక్కవాళ్ల కోడ్ రివ్యూ చేయడం, జూనియర్‌కి సెటప్ చేసిపెట్టడం, క్లయింట్ కాల్... ఇవేవీ కమిట్లు కావు. కొత్తగా చేరినవాళ్లకి నష్టం ఎక్కువ, ఎందుకంటే మొదటి నెలల్లో పని అంతా చదవడం, అర్థం చేసుకోవడమే.

దీనికి నేను వాడే పద్ధతి చెప్తాను. ప్రాజెక్టుల పక్కనే "డైరీ" అని ఇంకో ఫోల్డర్ పెట్టి, అందులో గిట్ ఇనిట్ చేశాను. కోడ్ కాని పని అయిపోగానే, గిట్ కమిట్‌కి "అలౌ ఎంప్టీ" ఆప్షన్ ఇచ్చి ఒక లైన్ మెసేజ్ రాస్తాను. ఫైల్ ఏదీ మార్చక్కర్లేదు. "లాగిన్ స్లోగా ఉండటానికి కారణం డేటాబేస్ కాదని తేలింది, రేపు క్యాష్ చూడాలి" అని రాస్తే, మర్నాడు గిట్ స్టాండప్ కొట్టగానే మిగతా కమిట్లతో పాటు అదీ వస్తుంది. ఏమీ తేలని రోజున కూడా ఏది కాదో తేలింది కదా, అది చెప్పుకోవచ్చు. మెసేజ్‌లో "ఫిక్స్", "అప్‌డేట్" అని మాత్రం రాయకండి, మర్నాడు మీకే అర్థం కాదు.

ఈ ఖాళీ కమిట్లు టీమ్ రిపాజిటరీలో వేయొద్దు, హిస్టరీ అంతా చెత్త అవుతుంది. డైరీ ఫోల్డర్‌ని గిట్‌హబ్‌లో పబ్లిక్‌గా పెట్టొద్దు, అందులో ఆఫీస్ విషయాలు ఉంటాయి. అది మీ ల్యాప్‌టాప్‌లో ఉంటే చాలు, రిమోట్ లేకపోయినా గిట్ స్టాండప్ దాన్ని చదువుతుంది.