కట్టమంచి రామలింగారెడ్డి గారి విద్యాభ్యాసము

చెరువు నిండి మత్తడి దుమికిన నూరంతయు సంతసించును. ఆ రాత్రియే కట్టకు గండి పడునేమో యన్న మాట పుట్టెనా, ఇంటింట గుండె లదరును. చిల్పూరు ప్రాంతమున పుట్టినవారికి దీనిని వేఱుగ వివరింప నక్కఱలేదు. కాకతీయుల నాటినుండియు మనది చెరువుల సీమ గదా. ఇట్టి భయమునే కథావస్తువుగా గ్రహించి, దూరమున చిత్తూరు సీమకు జెందిన యొక విద్యార్థి తెలుగున కావ్యము వ్రాసి బహుమానము పొందెను. శాసనసభలో గొప్ప వాదియై, పిదప ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు మొదటి ఉపాధ్యక్షుడైన కట్టమంచి రామలింగారెడ్డి గారే యా విద్యార్థి.

వారు 1880 డిసెంబరు 10వ తేదీన చిత్తూరు చెంతనున్న కట్టమంచిలో, సేద్యము చేయు కుటుంబమున జన్మించిరి. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి గారు, తల్లి నారాయణమ్మ గారు. చిత్తూరున ఉన్నతపాఠశాల చదువు ముగించుకొని చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చేరి, తత్త్వశాస్త్రమునను చరిత్రయందును మిక్కిలి ప్రతిభ చూపిరి.

అయినను వారిని తీర్చిదిద్దినవి తరగతులు మాత్రమే కావని మా తలంపు. ఆ కళాశాలలో తెలుగు విద్యార్థుల సమాజ మొకటి యుండెను. అది కావ్యరచనకు పోటీ పెట్టగా రెడ్డిగారు వ్రాసినదే ‘ముసలమ్మ మరణము’. ఇది 1900లో అచ్చయినది. ముసలమ్మ యన్నది పేరు మాత్రమే. ఆమె పడుచు కోడలు. అనంతపురము చెంత బుక్కరాయసముద్రపు చెరువు తెగనుండగా, బసిరెడ్డి చిన్నకోడలిని బలి యిచ్చిననే గాని కట్ట నిలువదని దైవవాక్కు వినబడెను. ఆమె అత్తమామలకు మ్రొక్కి, ఊరివారిని ఓదార్చి, తానే నడచి నీటిలో దిగెను. రాజులను, స్వయంవరములను వర్ణించుటకు అలవాటుపడిన కాలమున నొక కాపుకోడలిని నాయికగా జేసి, కథను మరణముతో ముగించుటకు ఇరువదియేండ్ల ప్రాయముననే వారికి సాహస ముండెను. బలిని గోరిన నమ్మకమును మేము మెచ్చజాలము. ఆమె ధైర్యమును మఱువను జాలము.

తరువాత దొరతనమువారి విద్యార్థివేతనముతో కేంబ్రిడ్జి నగరమున సెయింట్ జాన్స్ కళాశాలకు వెళ్లిరి. అచ్చటి ‘యూనియన్’ అను చర్చాసభకు ఉపాధ్యక్షుడుగా ఎన్నుకొనబడిన మొదటి భారతీయులు వారే. ఎదిరివాని మాట నాలకించి, వెంటనే యుక్తితో బదులు చెప్పు నేర్పు వారి కిట్టి సభలలో పదునెక్కెను.

స్వదేశమునకు వచ్చి బరోడాలోను, మైసూరులోను ఉపాధ్యాయులై, మైసూరు సంస్థానమున విద్యాశాఖకు అధిపతియైరి. పంచముల బిడ్డలకు పాఠశాలల తలుపులు తెఱపించుటకు పాటుపడిరి. ఆ వెనుక రాజకీయములలో దిగి జస్టిస్ పక్షమున చెన్నపురి శాసనసభకు వెళ్లిరి. అయినను 1923 నవంబరు 27వ తేదీన ఆ పక్షపు మంత్రివర్గము మీదనే అవిశ్వాస తీర్మానము ప్రతిపాదించిరి. తీర్మానము వీగిపోయెను.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడగా దాని భారము వారిపై బడెను. 1930లో ఉప్పు సత్యాగ్రహమును దొరతనమువారు అణచిన తీరునకు నిరసనగా, తాము నెలకొల్పుచున్న యా పదవినే విడిచిరి. 1936లో మరల వచ్చి 1949 వఱకు దానిని నిర్వహించి, 1951 ఫిబ్రవరి 24న దివంగతులైరి.

ముసలమ్మ కావ్యము చిన్నది. ఒక సాయంకాలమున చదివి ముగింపవచ్చును. పై తరగతుల విద్యార్థులు దానిని చదివి, ముసలమ్మ చేసినది యొప్పో తప్పో మన చర్చాసభలో వాదింపగా వినవలెనని మాకు కోరిక గలదు.