పెట్టెలో ఏది ఉండాలి?

భోగి పండుగ ఇంకా నాలుగు రోజులుంది. కోడలు అటక మీది సామాన్లన్నీ కిందికి దించింది. విరిగిన చేటలు, తెగిన నులక, మూతల్లేని డబ్బాలు, ఒక ట్రంకు పెట్టె. నడవంతా నిండిపోయింది.

"ఇవన్నీ భోగిమంటలో వేసేద్దాం అత్తా" అంది కోడలు.

"ఆగవే! ఎప్పుడన్నా పనికొస్తాయి" అంది అత్త.

ఇది ప్రతి ఇంట్లో వినిపించే మాటే. చాలా సామాన్లకు ఆ 'ఎప్పుడన్నా' రానే రాదు. అవి చోటు తింటాయి. వాటి కింద తేళ్లు, ఎలుకలు చేరతాయి. కావలసిన వస్తువు కావలసిన రోజున దొరకదు. అలాగని చూడకుండా అన్నీ మంటలో పడేస్తే ఇంకా పెద్ద నష్టం. ఈ ఇంట్లో అలాంటి నష్టం కొద్దిలో తప్పింది.

చేటలు, నులక, చివికిన చాపలు మంటకు పోయాయి. చిరిగిన చీరలు బొంతకు పక్కన పెట్టారు. ప్లాస్టిక్ డబ్బాలు, పాత టైరు మాత్రం మంటలో వెయ్యలేదు. ఆ పొగ పిల్లలకు మంచిది కాదు.

ఒక డబ్బాలో అత్త కందిపప్పు పోసి పెట్టింది. కోడలు దాని మీది అక్షరాలు చదివి ఉలిక్కిపడింది. అది పురుగుమందు డబ్బా!

"బూడిదేసి మూడుసార్లు తోమానే" అంది అత్త.

ఎంత తోమినా మందు పూర్తిగా పోదు. ఆ పప్పు పారబోశారు. అత్తకు ప్రాణం ఉసూరుమంది. ఇంకెవరూ వాడకుండా డబ్బాకు చిల్లులు పొడిచారు.

ఒక మూటలో వడ్లు, ఇంకో మూటలో హైబ్రిడ్ మొక్కజొన్న ఉన్నాయి. రెండూ విత్తనానికని దాచినవే. హైబ్రిడ్ పంటలో తీసిన గింజ మళ్లీ వేస్తే పైరు ఒక తీరుగా రాదు, దిగుబడి తగ్గుతుంది. అది కోళ్లకు పోయింది. వడ్లను ఊరికే నమ్మకూడదు, ఊరికే పారెయ్యకూడదు. 100 గింజలు లెక్కపెట్టి తడి గుడ్డలో చుట్టాలి. గుడ్డ ఆరకుండా చూడాలి. వారం పది రోజుల్లో మొలకలు లెక్కపెట్టాలి. 80 మొలిస్తే అది విత్తనం. బాగా తగ్గితే తిండిగింజే.

ఇక ట్రంకు పెట్టె. దాని నిండా కాగితాలు. మామ ఉన్ననాళ్లూ ఒక్క కాగితం పారెయ్యనివ్వలేదు. ఆయనకు చదువు రాదు, అత్తకూ రాదు. ఏ కాగితంలో ఏముందో తెలియని వాళ్లకు ప్రతి కాగితమూ భయమే. అందుకే పొలం దస్తావేజు, పెళ్లి శుభలేఖ, సబ్బు కాగితం ఒకే మూటలో ఉన్నాయి.

కోడలు రాత్రి బడిలో చదువు నేర్చింది. కూడబలుక్కుంటూ ఒక్కొక్కటే చదివింది. పొలం దస్తావేజు, పట్టాదారు పాసు పుస్తకం, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, టీకాల కార్డులు ఒక సంచిలో పెట్టింది. దస్తావేజు పోతే రిజిస్ట్రారు ఆఫీసులో నకలు దొరుకుతుంది. కానీ దానికి తిరగాలి, ఫీజు కట్టాలి. ఏటీఎంలో వచ్చిన చీటీలు కొన్ని తెల్లబడి పోయాయి. ఆ రకం కాగితం మీద అక్షరం నిలవదు. అవసరమైనదైతే వెంటనే జిరాక్సు తీయించాలి.

పాత కరెంటు బిల్లులు ఒక కట్ట ఉంది. కొత్త బిల్లులో పాత బాకీ ఏమీ లేదు. కాబట్టి కట్టంతా మంటకే అనుకుంది కోడలు. అయినా ఒకసారి తిప్పి చూసింది. మధ్యలో రెండు చిన్న చీటీలు దొరికాయి. ఒకదానిలో 5 వేలు, ఒకదానిలో 7 వేలు ముట్టినట్టు రాసి ఉంది. కింద అప్పిచ్చిన ఆసామి సంతకం, తేదీ.

అత్త ఆ చీటీలు చేతిలోకి తీసుకుంది. చాలాసేపు మాట్లాడలేదు.

మామ 20 వేలకు నోటు మీద వేలిముద్ర వేశాడు. ఆయన పోయాడు. అప్పిచ్చినాయనా పోయాడు. ఆయన కొడుకు 20 వేలూ, వడ్డీ కట్టాలని కబురు పెట్టాడు. "మీ మామ రెండుసార్లు కట్టాడే" అని అత్త అంటూనే ఉంది. మాటకు రుజువేదీ?

బాకీలో కొంత కడితే ఆ సంగతి నోటు వెనక రాయించాలి. కట్టినవాళ్లు అక్కడ సంతకం పెడతారు. పుచ్చుకున్నవాళ్ల దగ్గర రసీదు తీసుకోవాలి. నోటు మీద దావాకు మామూలుగా 3 ఏళ్ల గడువు. గడువు లోపల కొంత కట్టి అలా రాస్తే, ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు లెక్క. అందుకే నోటు వెనక్కి వచ్చేదాకా ఏ రసీదునూ పారెయ్యకూడదు.

మూలన మామ గొడుగు ఉంది. గుడ్డ చిరిగింది, కమ్మి వంగింది. కోడలు తీసి చూసింది.

"అది ఉండనీ అమ్మా" అంది అత్త.

ఎందుకని కోడలు అడగలేదు. తుడిచి మళ్లీ అటక మీద పెట్టింది.

పండుగ వెళ్లాక అప్పిచ్చినాయన కొడుకు వచ్చాడు. కోడలు చీటీలు చదివి వినిపించింది. అతను తండ్రి సంతకం గుర్తుపట్టాడు. ఆ తేదీలను బట్టి వడ్డీ మళ్లీ లెక్క కట్టారు. "ఆ చీటీలు ఇటివ్వండి" అన్నాడు అతను. కోడలు జిరాక్సు కాగితాలు ఇచ్చింది. బాకీ తీరిన రోజు నోటు తెచ్చి ఇస్తానన్నాడు. అప్పటిదాకా అసలు చీటీలు ట్రంకు పెట్టెలోనే ఉంటాయి.