లిస్బన్‌లో ల్యాప్‌టాప్ జీవితం: ఆ అద్దె భారం ఎవరి మీద?

ఒక ల్యాప్‌టాప్, మంచి నెట్ ఉంటే చాలు, ఎక్కడినుంచైనా పని చేసుకోవచ్చు. మన ఫీల్డ్‌లో ఈ కల లేనివాళ్లు తక్కువే, నాకూ ఉంది. మరి మనం వెళ్లి దిగే ఊరికి ఏమవుతుంది? పోర్చుగల్ లెక్కలతో చూద్దాం.

రిమోట్ వర్కర్ల కోసం పోర్చుగల్ 2022 అక్టోబర్ చివర్లో డి8 వీసా మొదలుపెట్టింది. ముఖ్యమైన షరతు ఒకటుంది: మీ నెల ఆదాయం అక్కడి కనీస వేతనానికి కనీసం 4 రెట్లు ఉండాలి. 2025లో కనీస వేతనం 870 యూరోలు కాబట్టి ఆ ఏడాది లెక్కన మీకు 3,480 యూరోలు రావాలి. అందులో మూడో వంతు అద్దెకు పెడతారనుకుందాం, అంటే 1,160 యూరోలు. కనీస వేతనం మీద బతికే మనిషి జీతం మొత్తం పెట్టినా మీ అద్దెకు చాలదు! ఇద్దరూ ఒకే ఫ్లాట్ అడిగితే ఓనర్ ఎవరికిస్తాడో చెప్పక్కర్లేదు. ఐటీ జాబ్ అనగానే రేటు పెంచి చెప్పే మాదాపూర్ ఓనర్లను చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

అలాగని తప్పంతా నోమాడ్‌లదే అనను. ఇల్లు కొన్న విదేశీయులకు 2023 వరకు రెసిడెన్సీ ఇచ్చిన గోల్డెన్ వీసా 2012లోనే వచ్చింది. టూరిస్ట్ ఫ్లాట్‌లు ఎక్కువైపోయి అల్ఫామా, మొరారియా లాంటి పాత పేటల్లో కొత్త రిజిస్ట్రేషన్లను లిస్బన్ 2018లోనే ఆపింది. అంటే డి8 వీసాకి నాలుగేళ్ల ముందే. అప్పటికే మండుతున్న మార్కెట్‌లోకి ఎక్కువ జీతాలతో మనలాంటివాళ్లు దిగారు, అంతే. 2023 ఏప్రిల్ 1న వేలమంది ఇళ్ల కోసం రోడ్డెక్కారు.

లాభం లేదా అంటే ఉంది. మదీరా దీవిలోని పోంటా దో సోల్‌లో 2021 ఫిబ్రవరిలో నోమాడ్ విలేజ్ పెట్టారు. కోవిడ్‌తో టూరిస్టులు లేని టైమ్‌లో నెలల తరబడి ఉండి ఖర్చుపెట్టే మనుషులు దొరకడం చిన్న విషయమేం కాదు. కాకపోతే కేఫ్ ఓనర్‌కు గిరాకీ పెరుగుతుంది, అదే కేఫ్‌లో కాఫీ అందించే అద్దింటి కుర్రాడికి అద్దె పెరుగుతుంది. లాభనష్టాల లెక్క తీసేటప్పుడు చాలామంది ఈ ఇద్దర్నీ కలిపి 'లోకల్స్' అనేస్తారు. అక్కడే తేడా కొడుతోంది.

మీరు వెళ్లేటట్టయితే వైఫై స్పీడ్‌తో పాటు ఇంకో పని చేయండి. 'లండన్ కంటే చీపే కదా' అని వెంటనే ఓకే చెప్పకుండా, ఆ వీధిలో ఉంటున్నవాళ్లు ఎంత కడుతున్నారో కనుక్కుని, అక్కడి నుంచి బేరం మొదలుపెట్టండి.