సింథ్ సౌండ్‌కి పిచ్ డ్రిఫ్ట్: ఎంత వేయాలి, ఎక్కడ వేయకూడదు

పోయిన భజన వీడియోలో వెనకాల మెల్లగా వినిపించిన ప్యాడ్ సౌండ్ గుర్తుందా? అది నేను కోడ్ రాసుకున్న చిన్న సాఫ్ట్‌వేర్ సింథ్. మొదటి వెర్షన్ విని మా అక్క ఒకటే మాట అంది: "కస్టమర్ కేర్ వాళ్ళు హోల్డ్‌లో పెట్టినప్పుడు వచ్చే మ్యూజిక్‌లా ఉందిరా."

నిజమే. కంప్యూటర్‌లో 440 హెర్ట్జ్ అంటే ఎన్నిసార్లు నొక్కినా అచ్చంగా 440. పాత అనలాగ్ సింథ్‌లు అలా కాదు. 1970లో వచ్చిన మినీమూగ్‌లో ఒక వోల్ట్ పెరిగితే పిచ్ ఒక స్థాయి పైకి వెళ్ళాలి. ఆ పని చేసే ట్రాన్సిస్టర్లు వేడికి మారతాయి. సరిచేసే ఏర్పాటు లేకపోతే ఒక్కో డిగ్రీకి ఆ లెక్క దాదాపు 0.33 శాతం తప్పుతుంది. 1978 నాటి ప్రాఫెట్-5లో అయితే ఆసిలేటర్లని తిరిగి శ్రుతి చేయడానికే ఒక ట్యూన్ బటన్ పెట్టారు. వాళ్ళు అంత కష్టపడి వదిలించుకున్న లోపాన్ని మనం ఇప్పుడు కోడ్ రాసి మరీ తెచ్చుకుంటున్నాం!

ఎందుకంటే, ఒక స్వరస్థానానికి 100 సెంట్లు. 440 దగ్గర 3 సెంట్లు అంటే 0.76 హెర్ట్జ్. అంత తేడాతో రెండు వాయిస్‌లు కలిసి మోగితే శబ్దం 5 సెకన్లలో దాదాపు 4 సార్లు ఉబ్బి తగ్గుతుంది. చెవికి "బాగుంది" అనిపించేది ఆ కదలికే.

నేను మొదట అన్ని వాయిస్‌లకీ కలిపి ఒకే ఎల్‌ఎఫ్‌ఓ పెట్టాను. అన్నీ కలిసి ఊగితే వాటి మధ్య తేడా ఎక్కడిది? సాగిపోయిన క్యాసెట్‌లా వినిపించింది, అంతే. పైగా సైన్ వేవ్ అయితే రెండు మూడు రౌండ్లకే చెవి పట్టేస్తుంది.

కాబట్టి ప్రతి వాయిస్‌కీ దాని సొంత రాండమ్ ఉండాలి. సెకనుకి 100 సార్లు, పాత డ్రిఫ్ట్ విలువని 0.998తో గుణించి, దానికి −0.16 నుంచి +0.16 సెంట్ల మధ్య ఒక రాండమ్ నంబర్ కలపండి. ఆ గుణకారం చాలా ముఖ్యం, అది లేకపోతే పిచ్ ఎటో వెళ్ళిపోయి తిరిగి రాదు. ఇలా చేస్తే డ్రిఫ్ట్ ఎక్కువసేపు సున్నాకి ఒకటిన్నర సెంట్ల అటూ ఇటూ తిరుగుతుంది. వచ్చిన సెంట్లని 1200తో భాగించి, 2ని ఆ ఘాతానికి పెంచి ఫ్రీక్వెన్సీని గుణించాలి. నేరుగా హెర్ట్జ్ కలిపితే కింది స్వరాలు ఎక్కువ చెడిపోతాయి. కొత్త నోట్ మొదలైనప్పుడు డ్రిఫ్ట్‌ని సున్నా చేయకండి, పాత మెషీన్ కూడా మనం నొక్కేదాకా ఆగి ఉండేది కాదు కదా. రాండమ్ సీడ్ మాత్రం ఫిక్స్ చేసుకోండి. లేదంటే ఎక్స్‌పోర్ట్ చేసిన ప్రతిసారీ వేరే పాట వస్తుంది.

ఇక అసలు తప్పు. ఇది ఇంత బాగుందని తంబూరా ట్రాక్‌కి కూడా డ్రిఫ్ట్ వేసేశాను, అదీ 12 సెంట్ల దాకా. అక్క హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండు గంటలు పాడింది. పల్లవికి ఒక షడ్జమం, చరణానికి ఇంకొకటి. "నాకే శ్రుతి నిలవట్లేదురా, గొంతు పోయినట్టుంది" అని మైక్ పక్కన పెట్టేసింది. వారం తర్వాత ఫైల్ తెరిచి చూస్తే గానీ తప్పు నాదని తెలియలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు, కానీ చెప్పాను.

నిజమైన తంబూరాలో జీవం షడ్జమం కదలడం వల్ల రాదు. తీగ కింద పెట్టే నూలుదారం దగ్గర పుట్టే ఝంకారం వల్ల వస్తుంది. అందుకే ఇప్పుడు శ్రుతి ట్రాక్‌కి డ్రిఫ్ట్ సున్నా, బాస్‌కి సగం, ప్యాడ్‌కి మాత్రమే పూర్తిగా. డ్రిఫ్ట్ ఆఫ్ చేసినప్పుడు ఏదో తగ్గినట్టు ఉండాలి. ఆన్‌లో ఉన్నప్పుడే అది విడిగా వినిపిస్తోందంటే ఎక్కువైనట్టే, తగ్గించేయండి.

ఆ భజన అక్క మళ్ళీ పాడింది. ఈసారి రెండో టేక్‌కే ఓకే అయిపోయింది.