రాయి గుడ్డులో ముడుచుకున్న పిల్ల

డైనోసార్లను మనం రాక్షసి బల్లులు అంటాం. కానీ చైనాలో దొరికిన ఒక గుడ్డు వేరే మాట చెబుతోంది.

గాన్‌జౌలో దొరికిన ఆ గుడ్డు వయసు సుమారు 7 కోట్ల ఏండ్లు. ఎప్పుడో రాయిగా మారిపోయింది. 2000లో సేకరించి గోదాములో పెట్టారు. 2015 ప్రాంతంలో సామాన్లు సర్దుతుంటే పగులులో ఎముకలు కనబడ్డాయి. గుడ్డు పొడవు 17 సెంటీమీటర్లు, లోపలి పిల్ల పొడవు 27. ముడుచుకుంది కాబట్టే పట్టింది! తల పొట్ట కిందికి వంచి, కాళ్ళు అటూ ఇటూ పెట్టుకుంది. దాని పేరు బేబీ యింగ్లియాంగ్. 2021లో శాస్త్రవేత్తలు దీని సంగతి ప్రకటించారు.

మన కోడి 21 రోజులు పొదుగుతుంది కదా. బయటికి వచ్చే ముందు దాని పిల్ల కూడా తల రెక్క కిందికి దూర్చి ముడుచుకుంటుంది. సరిగా ముడుచుకోని పిల్ల చాలాసార్లు పెంకు పగలగొట్టలేక లోపలే చచ్చిపోతుంది. మనమేమో గుడ్డు మురిగిపోయిందని పారేస్తాం.

ఈ అలవాటు పక్షులకే ఉందని ఇదివరకు అనుకునేవారు. పక్షులు డైనోసార్ల నుంచి వచ్చాయని ఎముకలు ముందే చెప్పాయి. అలవాటు కూడా అక్కడి నుంచే వచ్చి ఉండవచ్చని ఈ పిల్ల చెబుతోంది. ఒక్క గుడ్డుతో తేల్చలేం, ఇంకా దొరకాలి.

ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు పొదుగు గంప దగ్గర కాసేపు కూర్చోండి. పిల్ల పెంకును పొడిచే ఆ పని కోట్ల ఏండ్ల నాటిది.