హరితరేణువు వాకిళ్లు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల రైతులు టమాటాను విరివిగా పండించుచున్నారు. దూరపు నగరములకు పంపవలసిన కాయలను పూర్తిగా ఎఱ్ఱబడక మునుపే కోయుదురు. అవి దారిలో పండును. మితిమీఱి పండినచో లారీలోనే చితికి, రైతు శ్రమ వృథా యగును. పచ్చని కాయ ఎఱ్ఱని పండగుట ఎట్లో తెలియవలెనన్న, దానిలోని హరితరేణువుల సంగతి తెలిసికొనవలెను.

హరితరేణువులు ఆకులయందును, పచ్చికాయలయందును ఉండు సూక్ష్మరేణువులు. సూర్యకాంతితో మొక్కకు ఆహారము తయారుచేయు వంటయిండ్లివి. ఈ పనికి సుమారు 3,000 రకముల మాంసకృత్తులు కావలెను. వానిలో హరితరేణువు స్వయముగా చేసికొనునవి నూరింటికి లోపే. తక్కినవన్నియు, కేంద్రకములోని జన్యువుల ననుసరించి, వెలుపలి కణద్రవ్యములో తయారగును. ఇందుకు కారణము కలదు. నూరు కోట్ల సంవత్సరములకు పూర్వమే, స్వతంత్రముగా జీవించు నీలహరిత సూక్ష్మజీవి యొకటి మఱియొక కణములో కాపురము పెట్టి, కాలక్రమమున హరితరేణువైనది. దాని జన్యువులు పెక్కులు కేంద్రకమునకు చేరినవి.

మఱి వెలుపల పుట్టిన మాంసకృత్తు తన చోటిని ఎట్లు చేరును? మదనపల్లెలో వేసిన జాబు పుంగనూరులో ఆగక కుప్పమునకే చేరుటకు పైవిలాసమే గదా కారణము! మాంసకృత్తు మొదటి కొసయందును అట్టి విలాసము కలదు. అది అమైనో ఆమ్లముల చిన్న గొలుసు. హరితరేణువును రెండు పొరలు చుట్టియుండును. వెలుపలి పొరయందలి ద్వారము పేరు ‘టాక్’. లోపలి పొరయందలి దాని పేరు ‘టిక్’. మాంసకృత్తు మడత విడి, దారమువలె సాగి, ఈ ద్వారములగుండ దూరును. ఇందుకు శక్తి వ్యయమగును. లోపల ఒక ఎంజైము విలాసమును కత్తిరించును. కొన్ని మాంసకృత్తులు ఇంకను లోపలనున్న థైలకాయిడు సంచులకు పోవలెను. వానికి మొదటి విలాసము తెగిన పిమ్మట రెండవది బయటపడును. కవరులో మఱియొక కవరున్నట్లు! టాక్ ద్వారపు ముఖ్యభాగము పూర్తిగా లోపించిన మొక్క పిండదశలోనే నశించును.

1978లో చువా, ష్మిట్ అను శాస్త్రజ్ఞులు బఠానీ, పాలకూరల హరితరేణువులను వేరుచేసి, వెలుపల తయారైన మాంసకృత్తు వానిలోనికి ప్రవేశించుటను చూపిరి. మాంసకృత్తులయందే ఇట్టి గుర్తులుండునని కనుగొనిన గుంటర్ బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమానము లభించినది.

టమాటా పండునపుడు హరితరేణువులు వర్ణరేణువులుగా మాఱును. పత్రహరితము నశించి, లైకోపీన్ అను ఎఱ్ఱని పదార్థము నిండును. అప్పుడు కావలసిన మాంసకృత్తులు వేఱు గనుక ద్వారములును మాఱవలెను. ‘ఎస్.పి.1’ అను మాంసకృత్తు పాత ద్వారముల భాగములను తొలగింపజేయును. టమాటా మొక్కలలో దీనిని తగ్గింపగా పండుట ఆలస్యమగుననియు, పెంపగా త్వరపడుననియు ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు 2021లో తెలిపిరి.

కంటికి కనబడని వాకిలి మాఱిన వేళనుబట్టి కాయ పండు వేళయు మాఱును. ఆ వేళను బట్టియే రైతు పంట అంగడికి చేరుటయో, దారిలో చెడుటయో జరుగును. అణువంత రేణువును శ్రద్ధతో పరిశీలించుట పొలమునకును మేలు చేయు విద్యయే.