పక్కింటి దెబ్బలు మనకెందుకు అనుకోకండి

ప్రశ్న: మా పొదుపు సంఘంలో ఒకామెను భర్త తాగొచ్చి కొడుతున్నాడు. పెద్దలేమో సర్దుకుపొమ్మంటున్నారు. మేం కలగజేసుకోవచ్చా?
– ఒక సోదరి, కొల్లిపర

జవాబు: తప్పకుండా కలగజేసుకోవచ్చమ్మా. తాగుడు సాకు మాత్రమే. అడిగేవాళ్లు లేరన్న ధైర్యంతోనే అతను చెయ్యి ఎత్తుతున్నాడు. 2005 గృహహింస చట్టం ప్రకారం ఆమె తరఫున ఎవరైనా రక్షణ అధికారికి చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదు.

ముందు ఆమెతో విడిగా మాట్లాడండి, ఏం కోరుకుంటుందో వినండి. దెబ్బలు ఆస్పత్రిలో చూపించి, ఆ చీటీలు, ఆధార్, బ్యాంకు పుస్తకం మీ దగ్గర భద్రపరచండి. ఇల్లు భర్త పేరున ఉన్నా అందులో ఉండే హక్కు ఆమెకుంది. 181కి ఫోన్ చేస్తే సలహా, ఆశ్రయం దొరుకుతాయి. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తారు, 15100కి అడగండి.

గొంతు నులిమినా, చంపుతానన్నా, పిల్లలపై చెయ్యి చేసుకున్నా ఆగకండి. వెంటనే 112కి ఫోన్ చేయండి.